డబ్బిచ్చినవాడికి దారి, చెయ్యిచ్చినవాడికి పాట

పనసవలసలో ఏ వస్తువు ఎవరిదో తేల్చడం బ్రహ్మతరం కాదు. గునపం ఒకరు కొంటారు, అది ఇంకొకరి పొలంలో అరుగుతుంది. మిరియాలు కోసే నిచ్చెన ఎవరి డబ్బుతో వచ్చిందో మరిచిపోయి చాలా కాలమైంది. పెద్ద డేగిసా అయితే ఒక పెళ్ళికని వెళ్ళి, మూడు పెళ్ళిళ్ళూ ఒక దినమూ చూసుకుని, నల్లగా మాడి ఇంటికొస్తుంది. అరకు నుంచి అనంతగిరి వైపు వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపలగా, గెడ్డ అనే కొండవాగు పక్కన ఉన్న ఆ గూడెంలో ఇదేమీ వింత కాదు.

అలాంటి ఊళ్ళో కూడా సోములమ్మది మరీ అన్యాయం. ఆమె ఇంటికి తలుపుందే గానీ, గడియ పడటం ఎవరూ చూడలేదు. ఉప్పు, అగ్గిపెట్టె, గొడ్డలి, ఫోను చార్జరు, ఆఖరికి మొగుడు గాసి చొక్కా కూడా ఒకసారి పక్కింటి కుర్రాడి పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చింది. మనది ఇల్లు కాదు సంత అని గాసి గొణుక్కునేవాడు. పాపం, సంతలో అయితే డబ్బులిచ్చి పట్టుకెళ్తారు. అడిగినవాళ్ళకి లేదనడం సోములమ్మకి పుట్టుకతోనే రాలేదు. నలభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటుంది, నడిస్తే మాత్రం పొడుగు కాళ్ళవాళ్ళు వెనకపడతారు. కాఫీ తోట కొంచెం, సిల్వరోకు చెట్లకి పాకించిన మిరియం తీగలు, కొండవాలున చోళ్ళు. థింసా ఆడేటప్పుడు వరస చివర నిలబడుతుంది. ఆ చివర నిలబడేవాళ్ళ పనేమిటంటే, ఆట ఎంత వేగంగా తిరిగినా వరస తెగకుండా చూడటం.

అంత గట్టి మనిషీ రెండేళ్ళ క్రితం కాఫీ పళ్ళు ఏరుతూ ఏరుతూ బుట్ట మీదనే పడిపోయింది. నోరు ఒక పక్కకి లాగేసింది, ఎడమ చెయ్యి చెప్పిన మాట వినడం మానేసింది. గాసీ, మరో ఇద్దరూ ఆమెని మోసుకుని రోడ్డు మీదికి తెచ్చేసరికి, వరహాలరావు జీపు సంతకి పోతోంది. లోపల మనుషులు, పైన పసుపు బస్తాలు, వెనక పనసకాయలు. వరహాలరావు శృంగవరపుకోటవాడు. ఆ రోడ్డు మీద పదేళ్ళుగా జీపు తోలుతున్నాడు, పెద్ద మీసం, ఇంకా పెద్ద నోరు. ఆ రోజు ఆ నోరు ఒక్క మాట మాట్లాడలేదు. మనుషుల్ని దింపేశాడు, బస్తాలు దింపేశాడు, పనసకాయలు రోడ్డు పక్కకి దొర్లించేశాడు. ఆసుపత్రి వద్దు, ఇంటి దగ్గరే దింపెయ్యండి అని సోములమ్మ ముద్దముద్దగా ఏడుస్తున్నా వినిపించుకోలేదు. అద్దె అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

బీపీ అన్నారు డాక్టర్లు. ఇంకాస్త ఆలస్యమైతే కాలూ చెయ్యీ పోయేవన్నారు. మందులతో, దేవుడి దయతో నోరు నోటి చోటికి వచ్చింది, చెయ్యి చేతి పనికి వచ్చింది. అప్పటినుంచి వరహాలరావు ఆమెని అక్క వరసలో అప్పా అంటాడు, ఆమె అతన్ని తమ్ముడా అంటుంది. జీపు గూడెం మలుపులో ఆగిందంటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులే ప్రయాణికులకి కాలక్షేపం.

మందులు మింగడం తేలికే. పక్షానికోసారి కొండ దిగి బీపీ చూపించుకురావడమే కష్టం. పంట రోజుల్లో ఒక పూట పోతే ఆ పూట తిరిగి రాదు. సోములమ్మ రెండుసార్లు ఎగ్గొట్టింది, మూడోసారి చెప్పాపెట్టకుండా మానేసింది. అప్పుడు అనురాధ అనే కుర్ర డాక్టరమ్మ ఆమె కోసం కబురు పెట్టి పిలిపించి, చేతికి చుట్టుకునే మిషను ఒకటి ఇచ్చింది. గుడ్డ చుట్టి బొత్తాం నొక్కితే చాలు, అంకె ఫోనులోకి వెళ్తుంది, ఫోనులోంచి ఆసుపత్రికి వెళ్తుంది. ఇకమీదట నీ ఒంటి కబురే కొండ దిగి నా దగ్గరికి వస్తుంది, నువ్వు రానక్కర్లేదు అంది డాక్టరమ్మ. ఆ మాట సోములమ్మకి బెల్లం ముక్కలా నచ్చింది. గూడెంలో సిగ్నలు లేదు గానీ రోడ్డు మలుపులో నిండుగా ఉంటుంది. రోజూ ఇంట్లో చూసుకోవడం, మలుపు దాకా నడిచి కబురు పంపడం.

తర్వాత ఏం జరిగిందో మీరే ఊహించుకోవచ్చు. గునపానికి గతి అదైనప్పుడు మిషనుకి మాత్రం వేరే గతి ఉంటుందా? మొదట పక్కింటావిడ చెయ్యి చాపింది. తర్వాత ఎదురింటి ముసలాయన. తర్వాత వరసలో ఉన్నవాళ్ళంతా. నెల తిరక్కుండా డాక్టరమ్మ నుంచి ఫోను.

"సోములమ్మా, పొద్దున్న నీ బీపీ పదహారేళ్ళ పిల్లదిలా ఉంది. మధ్యాహ్నానికి ముసలమ్మది అయింది. సాయంత్రం చూస్తే అసలు మనిషిదేనా అనిపిస్తోంది. ఏం జరుగుతోందక్కడ?"

సాయంత్రం చూసినది నిజంగానే మనిషిది కాదు. గాసి తన మేకపోతు కాలికి చుట్టి చూశాడు. సోములమ్మ నిజం దాచలేదు. "నానేటి సేత్తాను డాక్టరమ్మా, అడిగినోల్లకి లేదని ఎలాగంతాను?" అంది. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది గానీ, నవ్వాక గట్టిగానే చెప్పింది. ఆ మిషను సోములమ్మ పేరుతో ఉంది, దాన్లోకి ఎవరి చెయ్యి పోయినా సోములమ్మ చెయ్యి కిందే లెక్క, ఎవరి మందు ఎవరికి పడుతుందో తెలియకుండా పోతుంది, కాబట్టి ఒక్క చెయ్యే. సోములమ్మ ఒట్టేసింది. ఆ ఒట్టు మీద చైత్రం దాకా నిలబడింది కూడా. ఊరు ఊరంతా ఆమెని పిసినారి అంటే ఎంత బాధపడి ఉంటుందో ఆలోచించండి.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మన్యంలో ఆ పండగకి మగవాళ్ళు విల్లులూ గొడ్డళ్ళూ పట్టుకుని వేటకి పోతారు. వేట దొరికితే ఊరేగింపు, ఇంటింటికీ మాంసంలో ఒక పాలు. దొరక్కపోతే ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్వాగతం చెబుతారు. ఈ రోజుల్లో అడవిలో ఏముంది దొరకడానికి? మగవాళ్ళు జీలుగు చెట్ల కింద కల్లు తాగి, చుట్టలు కాల్చి, పేడనీళ్ళకి సిద్ధపడే ఇంటికొస్తారు. ఈలోగా ఊరు ఆడవాళ్ళది, రోడ్డు కూడా ఆడవాళ్ళదే. ప్రతి గూడెం దగ్గరా రోడ్డుకడ్డంగా ఒక కర్ర కట్టి, బస్సునీ కారునీ ఆపి, పాటలు పాడి, పజోరు అనే పండగ మామూలు కింద ఎంతో కొంత పుచ్చుకుంటేగాని కర్ర ఎత్తరు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ రోజు ఆ గేటు ముందు మామూలు మనిషే.

పనసవలస గేటు మలుపులో పెడతారు. ఆ ఏడు గేటు కడుతుండగా చిన్నమ్మలు ఒక మాట తెచ్చింది. చిన్నమ్మలు ఊళ్ళో పెద్ద పాటగత్తె, పళ్ళు పోయినా పాట పోలేదు. ఆమె అన్న కిందటేడు కాఫీ చెట్టు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. బీపీ అలాగే చప్పుడు చెయ్యకుండా వస్తుందని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ మాట చిన్నమ్మలు మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇన్ని చేతులు ఇవాళ మన గేటు దాటతాయి, పది రూపాయలు పుచ్చుకుని ఊరికే పోనిస్తే ఏం లాభం, మిషను తీసుకురా అంది.

సోములమ్మ ఒట్టు గుర్తుచేసుకుంది. చిన్నమ్మలు ముఖం చూసింది. ఒట్టు ఒక్క రోజుకి గట్టు మీద పెట్టింది.

అప్పటికప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. డబ్బిచ్చినవాడికి దారి, చెయ్యిచ్చినవాడికి పాట. చెయ్యి చాపి బీపీ చూపించుకున్నవాడి దగ్గర దమ్మిడీ పుచ్చుకోరు, పైగా అతని మీద ఒక పాట కట్టి పాడతారు. వెక్కిరింపు పాటే అనుకోండి. కానీ ఆ గేటు పాటకి ఒక పద్ధతుంది. ముందు పాట ఏ మాటతో ఆగిందో, తర్వాతి మనిషి పాట ఆ మాటతోనే ఎత్తుకోవాలి. దండలో పూలలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోవు. వాళ్ళు పాడేది వాళ్ళ ఆదివాసీ ఒరియాలో. మనకి తెలిసేలా చెప్పుకుంటే ఇలా ఉంటుంది. ఆర్టీసీ కండక్టరు చెయ్యి చాపగానే చిన్నమ్మలు ఎత్తుకుంది.

"టికెట్లు సింపిన సెయ్యి ఇది
సిల్లర ఇవ్వని సెయ్యి ఇది
సుట్టండర్రా గట్టిగా గుడ్డ"

బస్సు బస్సంతా పగలబడి నవ్వింది. ఆ వెనకే బొర్రా గుహలు చూడ్డానికి విశాఖపట్నం నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన కుర్రాడు, మోకాళ్ళ దగ్గర చిరిగిన పేంటువాడు.

"గుడ్డ సాలలేదేటి బావా
మోకాల్లు బయటికొచ్చినాయి
పట్నం దొరకెంత సలి"

తర్వాత స్కూటీ మీద బిందుమాధవి టీచరు. పైన ఉన్న బడిలో చెబుతుంది, చీపురుపుల్లలా ఉంటుంది.

"సలికి వణికే టీచరమ్మ
పిల్లలకి పాటం సెప్పినాది
పిట్టంత పానం, పిడికెడు తల"

టీచరు కోప్పడలేదు సరికదా, స్కూటీ పక్కన పెట్టి, ఇచ్చిన చోడంబలి తాగుతూ తమాషా చూస్తూ కూర్చుంది. అలా ఒకరి తర్వాత ఒకరు. మిషను ఎవరి చేతికొస్తే వాళ్ళు బొత్తాం నొక్కుతున్నారు. అంకె చూడక్కర్లేదు, అదే డాక్టరమ్మ దగ్గరికి పోతుందని సోములమ్మే అందరికీ చెప్పింది. తను కర్ర దగ్గర నిలబడి బేరాలు చూసుకుంటోంది. ఎవరి చెయ్యి ఎవరిదో డాక్టరమ్మకి ఎలా తెలుస్తుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. గునపం ఎవరిదని అడగని ఊళ్ళో చెయ్యి ఎవరిదని అడుగుతారా?

ఎండెక్కాక డాక్టరమ్మ ఫోను. సోములమ్మ నాలిక కరుచుకుని, చివాట్లకి సిద్ధపడి తీసింది. డాక్టరమ్మ చివాట్లు పెట్టలేదు.

"ఇవి నీవి కావని తెలుసు, తిట్టడానికి టైము లేదు. ఇందులో ఒకరికి బీపీ రెండొందల ఇరవై ఉంది. ఆ మనిషి ఏ క్షణమైనా పడిపోవచ్చు. ఎవరు?"

గేటు దగ్గర డప్పు ఆగిపోయింది. ఎవరు? పొద్దుటి నుంచి ఎంతమంది చెయ్యి చాపారు! ఒకామె అటవీశాఖ గార్డు అంది, ఇంకొకామె పాలవేను డ్రైవరంది, అరటిపళ్ళ ముసలామె అయ్యుంటుందని మూడో ఆమె. సోములమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. తన పేరు మీద ఎవరో చావబోతున్నారు, వాళ్ళెవరో తనకే తెలియదు.

అప్పుడు చిన్నమ్మలు అంది, "పాట ఉంది కదేటి." అని గొంతు సవరించుకుంది.

సోములమ్మ ఫోను పైకెత్తి పట్టుకుంది. మొదటి నుంచి పాడటం మొదలుపెట్టారు. ఒక్కో పాటకి అటు డాక్టరమ్మ ఒక్కో అంకె దాటుతోంది. కండక్టరు. ఇతనికీ ఎక్కువే, తర్వాత చూద్దాం, కానివ్వండి అంది. చిరిగిన పేంటు కుర్రాడు, బాగానే ఉన్నాడు. టీచరమ్మ పాట వచ్చేసరికి, ఈమెకి మరీ తక్కువ, సరిగ్గా తినమనండి అంది డాక్టరమ్మ. టీచరు అంబలి గిన్నె చేత్తో పట్టుకునే తలూపింది. తర్వాతి పాట అందరూ కలిసి ఎత్తుకున్నారు.

"తలకి తువ్వాలు కట్టినోడా
తలలో ఏటి దాసినావు
డబ్బేనా, దయ్యమేనా"

"ఆపండి. ఇతనే. తలనొప్పి అన్నాడా?"

పాట అక్కడ తెగిపోయింది. తలకి తువ్వాలు బిగించి కట్టుకున్నది వరహాలరావు. పొద్దుట జీపు నిండా జనంతో వచ్చాడు, డబ్బులివ్వడానికి బద్ధకించి చెయ్యి చాపాడు, పాటకి మీసం మెలేశాడు. తువ్వాలెందుకని సోములమ్మ అడిగితే తల పగిలిపోతోంది, టీ తాగితే పోతుంది అన్నాడు. కర్ర ఎత్తి జీపుని పోనిచ్చింది సోములమ్మే.

టీలకీ, జనాన్నీ బస్తాల్నీ ఎక్కించుకోడానికీ అడుగడుగునా ఆగుతూ ఆ జీపు ఇప్పుడు కిందికి పోతోంది. ముందు మూడు గూడేలు, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. ఘాట్లో మలుపు తర్వాత మలుపు, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. వరహాలరావు ఫోనుకి కొడితే అది మోగి మోగి ఆగిపోయింది. జీపు తోలేటప్పుడు ఫోనెత్తకూడదన్న బుద్ధి అతనికి మంచిదే, ఆ రోజే పనికిరాలేదు. సోములమ్మకి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరికెక్కడ? ఆమె బుర్రకి ఒకటే తట్టింది. ఇవాళ రోడ్డు ఆడవాళ్ళది. ముందున్న ప్రతి గూడెం దగ్గరా ఒక కర్ర అడ్డంగా ఉంది.

డ్వాక్రా ఆడవాళ్ళందరూ ఉన్న ఫోను గ్రూపులో మాట రికార్డు చేసి పంపింది. "ఒలే, వరాలు జీపు వత్తంది. గేటెత్తకండి. ఎంతిచ్చినా ఎత్తకండి. ఆడికి కోపం మాత్రం తెప్పించకండర్రా." ఎందుకో చెప్పడం కంగారులో మరిచిపోయింది. తర్వాత మిషను కొంగున కట్టుకుని, బిందుమాధవి టీచరు స్కూటీ వెనక ఎక్కి కూర్చుంది. టీచరు అంతకుముందు ఎప్పుడూ అంత వేగంగా నడపలేదని తర్వాత తనే ఒప్పుకుంది.

మొదటి గేటు చేరేసరికి జీపు దాటిపోయిందన్నారు. రెండో గేటు దగ్గర థింసా మంచి ఊపులో ఉంది, డప్పుల హోరులో ఫోను మోగినా వినే నాథుడు లేడు. ఇప్పుడే పది రూపాయలిచ్చి పోయాడన్నారు. మిగిలింది దుంపగుడ గేటు ఒక్కటే. దాని తర్వాత లోయే.

దుంపగుడలో ఏం జరిగిందంటే, సోములమ్మ మాట వాళ్ళు విన్నారు. విన్నది విన్నట్టు అమలు చేశారు. వరహాలరావు పది ఇచ్చాడు, కర్ర లేవలేదు. యాభై ఇచ్చాడు, లేవలేదు. జేబు తిరగేసి చూపించాడు, ఊహూఁ. కారణం అడిగితే వాళ్ళకే తెలియదు కాబట్టి తలా ఒకటి చెప్పారు. నీ చక్రంలో గాలి తక్కువుంది అంది ఒకామె. నువ్వు థింసా ఆడితేగాని వదలం అంది ఇంకొకామె. కోపం తెప్పించొద్దన్నారు కదా, అతని ముఖం ఎర్రబడటం చూసి నలుగురు కలిసి చేతులు పట్టుకుని తెచ్చి చింతచెట్టు నీడన కూర్చోబెట్టారు, చింతపండు నీళ్ళిచ్చారు, విస్తరాకుతో విసరడం మొదలుపెట్టారు. పండగపూట కొత్తల్లుడికి కూడా జరగని మర్యాద. జీపులో జనం నవ్వలేక చస్తున్నారు. వరహాలరావుకి తిట్టాలని ఉంది, విసురుతున్న ఆడవాళ్ళని తిట్టడానికి నోరు రాలేదు.

స్కూటీ ఆగింది. సోములమ్మ దిగీ దిగకుండానే అతని చెయ్యి పట్టుకుని గుడ్డ చుట్టేసింది. మళ్ళీ అదే అంకె, ఇంకాస్త ఎక్కువే గానీ తక్కువ కాదు. వీడియోలో డాక్టరమ్మ కనబడింది. ఇంక జీపు తోలడానికి వీల్లేదు, అలాగే ఆనుకుని కూర్చోండి, 108 బయల్దేరింది అని చెప్పింది. వరహాలరావు నవ్వేశాడు.

"నాకేటైందప్పా? ఇనపగుండులాగున్నాను. తలనొప్పికి ఎవడైనా ఆసుపత్రికెల్తాడేటి? సంతకి టైమైపోతంది, ఒగ్గేయండి."

అని లేవబోయాడు. సోములమ్మ అతని ఎదురుగా నేల మీద కూలబడింది.

"ఆ దినం నన్ను ఇంటికాడ దింపెయ్యమని ఏడిసినాను. నా మాట ఇన్నావేటి? జీపులో ఏసుకుని ఎల్లిపోనావు. ఇయ్యాల నీ మాట నాను ఇనను. తాళం ఇలాగియ్యి తమ్ముడా."

వరహాలరావు జీపు వైపు చూశాడు. ముందు సీటులో ఒక తల్లి చంటిపిల్లని జోకొడుతోంది. వెనక పనసకాయల మధ్య బడిపిల్లలు ఇద్దరు. అతను తల వంచుకుని, ఇంకెవరికీ వినబడకుండా చెప్పాడు. "పొద్దున్నించి రోడ్డు రెండుగా కనబడతందప్పా. ఎవులికీ సెప్పలేదు." తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

108 వచ్చేదాకా డాక్టరమ్మ ఫోను పెట్టెయ్యలేదు, సోములమ్మ చెయ్యి వదల్లేదు. బండి ఎక్కించాక కూడా అతను జీపు గురించే బెంగపడుతుంటే, జీపు ఎక్కడికీ పోదు, మా గేటు దాటి ఏదీ పోలేదు అని దుంపగుడ ఆడవాళ్ళు భరోసా ఇచ్చారు. అప్పుడు గాని వాళ్ళకి అసలు కారణం తెలియలేదు. తెలిశాక ఒకామె గట్టిగా ఊపిరి వదిలి, అందుకే నా చెయ్యి కర్ర మీంచి రాలేదు అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, ఇప్పటికీ ఆ గొప్ప తనదే అంటుంది.

సాయంత్రానికి ఆసుపత్రి నుంచి మంచి కబురొచ్చింది. బీపీ దిగుతోంది, మనిషి స్పృహలోనే ఉన్నాడు, అప్పుడే నర్సులతో జోకులేస్తున్నాడు. ఘాట్లోకి దిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నారు. ఆ కబురు వెనకే పనసవలస మగవాళ్ళు అడవి నుంచి దిగారు. అలవాటు ప్రకారం చేతులు ఖాళీ, కళ్ళు ఎర్ర. ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో నిలబడ్డారు. గాసికి ఆ రోజు పౌరుషమొచ్చింది. మాకు దొరకలేదు సరే, మీరేం పట్టారేటి అని అడిగాడు.

"జీపుని పట్టినాము. దాన్లో మగోడు కూడా ఉన్నాడు," అంది చిన్నమ్మలు.

మొదటి కుండ గాసి నెత్తి మీద పోసింది సోములమ్మే. పోసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఆమెకి ఏడుపొచ్చేసింది. పొద్దుటి నుంచి తీరిక లేక ఆపుకున్న ఏడుపు, తమ్ముడు బతికాడన్న సంతోషంతో కలిసి ఇప్పుడు బయటపడింది. గాసి పేడనీళ్ళు కారుతున్న చేత్తోనే ఆమె వీపు నిమిరాడు.

కొన్నాళ్ళకి డాక్టరమ్మ స్వయంగా ఊరికొచ్చింది. ఒట్టు తప్పినందుకు మిషను పట్టుకుపోతుందేమోనని సోములమ్మ భయపడింది. ఆమె పట్టుకుపోవడానికి రాలేదు, ఇంకో రెండు తెచ్చింది. తప్పు మీది కాదు, ఒక ఫోనుకి ఒక మనిషే ఉంటాడనుకుని చేశారు దీన్ని, మీ ఊరిని చూసి చెయ్యలేదు అంది. ఇప్పుడు ఒక ఫోనులో ఎన్ని పేర్లయినా వేరువేరుగా పెట్టుకునేలా మార్పించానంది. ఎవరి చెయ్యి వాళ్ళ పేరు కింద, ఎవరి అంకె వాళ్ళకే తెలిసేలా. చిన్నమ్మలు ఆ వయసులో అంకెల రంగులు నేర్చుకుంది. పచ్చ అయితే పాట, ఎరుపు అయితే డాక్టరమ్మ. కండక్టరుకీ మందులు మొదలయ్యాయి. ఆయన ఇప్పుడు చిల్లర కూడా ఇస్తున్నాడంటారు గానీ, అది నేను నమ్మను.

సోములమ్మ పేరు కింద కుటుంబం అని రాసి ఉన్నచోట డాక్టరమ్మ ఒక్కో పేరూ ఎక్కించింది. ప్రతి పేరుకీ ఈయన నీకేమవుతారని ఫోను అడుగుతోంది. వరహాలరావు పేరు రాగానే డాక్టరమ్మ ఆగింది, కుటుంబం కాదు కదా అని. సోములమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తమ్ముడు అని రాయించింది.

మరుసటి చైత్రంలో మళ్ళీ గేటు కట్టారు. డప్పు సిద్ధంగా ఉంది, మిషన్లు సిద్ధంగా ఉన్నాయి, పాట మాత్రం మొదలవలేదు. గేటు పాట మధ్యలో తెగితే, ఎక్కడ తెగిందో అక్కడే ముడెయ్యాలి, కొత్తగా మొదలెట్టకూడదు. కిందటేడు అది తెగింది దయ్యం దగ్గర. పండగపూట దయ్యంతో పాటెత్తుకోవడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

వరహాలరావు జీపు మలుపు తిరిగింది. ఒళ్ళు కాస్త తగ్గింది, మీసం తగ్గలేదు. దిగీ దిగగానే చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ వచ్చి బల్ల మీద చాపాడు. చిన్నమ్మలు బొత్తాం నొక్కి, తెరలోకి తల పెట్టి చూసి, పచ్చ అని కేకేసింది. ఇంకా పాట రాలేదు. అప్పుడు వరహాలరావు తనే ఎత్తుకున్నాడు. జీపు హారనుకి కూడా అంతకన్నా మంచి గొంతుంటుంది.

"దయ్యమూ కాదు, డబ్బూ కాదు
గేటుకాడ అప్ప పట్టిన వేట నాను
పంచుకోండర్రా ఇంటికో పాలు"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు, డప్పు అందుకుంది, వరస కదిలింది. ఉప్పు నుంచి మొగుడి చొక్కా దాకా ఏదీ తనదని అట్టేపెట్టుకోని సోములమ్మ, వరస చివర నుంచే గట్టిగా అంది.

"ఎవులికీ ఇవ్వను. ఇదొక్కటీ నాదే."

అని వెళ్ళి, కర్ర ఎత్తింది.